చల్లని పెట్టె, వెనకాల పళ్ళెం



మన సరిహద్దు ఊళ్ళలో కొన్ని మాటలు పలికేముందు వినేది ఏ భాషవాళ్ళో చూసుకోవాలి. ఒకసారి ఆరో తరగతిలో కన్నడ పాఠం చెబుతూ "మల్లిగె హూవిన కంపు" అన్నాను. తెలుగు ఇళ్ళ పిల్లలు కిసుక్కున నవ్వారు. కన్నడంలో కంపు అంటే పరిమళం. మనకేమో ముక్కు మూసుకోవలసినది. తమిళంలో నాట్రం అనే మాటదీ ఇలాంటి కథే. ఒకప్పుడు సువాసన, ఇప్పుడు దుర్వాసన. మూడు భాషలవాళ్ళూ ఏ తగవూ లేకుండా కంపు అని ఒప్పుకొనేది ఒకటి నిరుడు వేసవిలో మా ఇంటికి వచ్చింది. అది మా ఫ్రిజ్‌లోంచి వచ్చింది.

మే నెలలో కుప్పం గంగమ్మ జాతరకు వెళ్ళి అయిదు రోజులకు తిరిగి వచ్చాం. మేము లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి రెండు రోజులకు పైగా కరెంటు లేదట. మేము వచ్చేసరికి కరెంటు ఉంది, ఫ్రిజ్ మామూలుగా గుర్రుమంటోంది. పైఅరలో పెట్టిన కిలో మటన్ మాత్రం ఒకసారి కరిగి, ఒరిగి, మళ్ళీ గడ్డకట్టి ఉంది. పారేశాం. అరలన్నీ తీసి సబ్బుతో కడిగాం. కంపు తగ్గింది. మూడో రోజుకు మళ్ళీ వచ్చింది.

ఇక సలహాలకు కొదవేముంది? నిమ్మచెక్క పెట్టమన్నారొకరు, కాఫీ పొడి అన్నారొకరు, కర్పూరం అన్నారింకొకరు. ఎదురింటాయన గ్యాస్ లీకయిందని తేల్చేశాడు. చివరికి బజారులో నిమ్మపూల సెంటు బిళ్ళ ఒకటి కొనుక్కొచ్చి లోపల తగిలించాను. కంపు పోయింది. నాకు చాలా సంతోషమైంది.

మా అత్తమ్మకు డెబ్భై దాటాయి. ఆమెకు వాసన సరిగా తెలియదు. అందుకని ఫ్రిజ్‌లోంచి ఏది తీసినా నా చేతికిచ్చి, "చూడమ్మా, బాగుందా?" అని అడిగి గాని తినదు. ఆ వారంలోనే ఒక పొద్దున తలుపు అరలో సీసాల వెనకనుంచి కొబ్బరి పచ్చడి గిన్నె తీసి ఇచ్చింది. ముందురోజుది అనుకున్నాను. మూత తీసి వాసన చూశాను. నిమ్మపూల వాసన తప్ప ఏమీ తగల్లేదు. బాగుంది తినండత్తా అన్నాను. అది జాతరకు వెళ్ళకముందు చేసిన పచ్చడి అని మధ్యాహ్నానికి గాని గుర్తు రాలేదు. అప్పటికే ఆమెకు వాంతులు మొదలయ్యాయి. ఆస్పత్రిలో రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. పచ్చడివల్లేనని డాక్టరు గట్టిగా చెప్పలేదు. నాకు మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆ తరువాతనే ఈ చల్లని పెట్టె చరిత్ర చదవాలనిపించింది. చదివితే తెలిసిందేమిటంటే, ఫ్రిజ్ కథలో చలికి ఎంత చోటుందో వాసనకూ దాదాపు అంత చోటుంది.

ఫ్రిజ్ లేని కాలంలో మన ఇళ్ళలో ఉట్టి ఉండేది. పాలు, పెరుగు, వెన్న దాని మీద. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళో మజ్జిగో పోస్తే తెల్లవారేసరికి చద్ది. అది పులుస్తుంది, కాని మనం అనుకున్నట్టు పులుస్తుంది. ఉట్టి మీది గిన్నెలో ఏదైనా చెడిపోతే ఇల్లంతటికీ తెలిసేది. మూసిపెట్టే తలుపు లేదు గదా!

తలుపున్న పెట్టె 1803లో అమెరికాలో వచ్చింది. మేరీలాండ్‌లో థామస్ మూర్ అనే రైతు వెన్నను బజారుకు కరగకుండా తీసుకుపోవడానికి చెక్కపెట్టె చేసి, చుట్టూ మంచు నింపి, దానికి రెఫ్రిజిరేటర్ అని పేరు పెట్టి పేటెంటు తీసుకున్నాడు. ఆ పేరు మనదాకా వచ్చి ఫ్రిజ్‌గా మిగిలింది.

మంచు ఎక్కడినుంచి? బోస్టన్ చుట్టుపక్కల చెరువులు చలికాలంలో గడ్డకడతాయి. ఆ గడ్డల్ని రంపాలతో కోసి అమ్మే వ్యాపారం ఫ్రెడరిక్ ట్యూడర్ అనే ఆయన 1806లో మొదలుపెట్టాడు. మొదటి ఓడ వెస్టిండీస్‌లోని మార్టినిక్‌కు వెళ్ళింది. 1833 మే నెలలో టస్కనీ అనే ఓడ 180 టన్నుల మంచుతో బోస్టన్‌లో బయలుదేరి, నాలుగు నెలలు ప్రయాణం చేసి కలకత్తా చేరింది. మిగిలింది సుమారు 100 టన్నులు. ఉష్ణమండలం దాటి అంత మిగలడమే గొప్ప! మంచును కాపాడింది ఏ యంత్రమూ కాదు, కోతమిల్లులలో పారేసే రంపపు పొట్టు.

మద్రాసులోనూ ఈ మంచు నిలవ చెయ్యడానికి 1842లో సముద్రపు ఒడ్డున ఒక భవనం కట్టారు. నేటికీ అక్కడివారు ఆ పేటను ఐస్ హౌస్ అనే అంటారు. మంచు వ్యాపారం పోయాక బిళిగిరి అయ్యంగార్ అనే న్యాయవాది దాన్ని కొని ఇల్లుగా మార్చుకున్నారు. 1897 ఫిబ్రవరిలో వివేకానందస్వామి తొమ్మిది రోజులు బస చేసింది అందులోనే. ఇప్పుడది వివేకానందర్ ఇల్లం. పిల్లల్ని మద్రాసు విహారయాత్రకు తీసుకువెళ్ళినప్పుడల్లా ఈ భవనం చూపిస్తాం గాని, అక్కడ మంచు ఎందుకుండేదో చెప్పము. నేనూ చెప్పలేదు. అమెరికా రచయిత థోరో తన ఊరి వాల్డెన్ చెరువు మంచు మద్రాసు, బొంబాయి, కలకత్తాలకు పోవడం గురించి 1854లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. చిత్తూరు, కోలారు ఎండల్లో బతికేవాళ్ళకు మద్రాసులో అమెరికా చెరువు నీళ్ళు తాగడమనేది పుక్కిటి పురాణంలా ఉంటుంది, కాని జరిగింది.

మంచుపెట్టెలు అమెరికాలో పందొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి చాలా ఇళ్ళలోకి వచ్చాయి. లోపల జింకు రేకు, గోడల నడుమ రంపపు పొట్టో బెరడో, ఒక అరలో మంచుగడ్డ. మంచు కరగాలి గదా! ఆ నీరు ఒక గొట్టం గుండా దిగి పెట్టె కింద పళ్ళెంలో పడేది. ఆ పళ్ళెం రోజూ ఒంపాలి. మరిచిపోతే నేలంతా నీళ్ళు. గొట్టంలో జిగురు పేరుకుంటే కంపు. అందుచేత ఇల్లాలు గొట్టం తీసి కడగడం, పళ్ళెం ఒంపడం రోజువారీ పనుల్లో చేరాయి. పిల్లలకు ఒప్పజెప్పే పని కూడా అదే.

ఇందులో ఒక తమాషా ఉంది. చల్లగాలి బరువు. మంచు దగ్గర కిందికి దిగి, పదార్థాల మీదుగా వేడెక్కి, పైకి వచ్చి మళ్ళీ మంచును తాకుతుంది. తాకినప్పుడు దానిలోని వాసన కొంత కరిగే మంచునీటిలో కలిసి పళ్ళెంలోకి పోతుంది. అందుకని పాలు, వెన్న గాలి మొదట తగిలే చోట, ఉల్లిపాయవంటి ఘాటైనవి గాలి చివరగా తగిలే చోట పెట్టమనేవారు. ఎందుకంటే కొవ్వు వాసనను పీల్చుకుంటుంది. వెన్నకు ఉల్లివాసన పట్టిందంటే వదలదు. ఇది చదివినప్పుడు నాకు కొబ్బరి పచ్చడి గుర్తుకొచ్చింది. కొబ్బరిలో ఉన్నదీ కొవ్వే. వారం రోజులు అది నిమ్మపూల సెంటు పీల్చుకుంటూ కూర్చుంది.

తరువాత యంత్రాలు వచ్చాయి. ఆవిరయ్యే ద్రవం చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. చెయ్యి మీద స్పిరిటు రాస్తే చల్లగా ఉండేది అందుకే. ఆ ఆవిరిని నొక్కి మళ్ళీ ద్రవం చేసి తిప్పుతూ ఉంటే చలి ఆగకుండా పుడుతుంది. జేకబ్ పెర్కిన్స్ 1834లో ఈథర్‌తో ఇలాంటి యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. తరువాత పెద్ద మంచు ఫ్యాక్టరీలలో అమ్మోనియా కుదిరింది. ఇంటి ఫ్రిజ్‌ల మొదటి తరంలో ఎక్కువగా వాడింది సల్ఫర్ డయాక్సైడ్. 1927లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ నెత్తిన గుండ్రటి యంత్రం ఉన్న ఫ్రిజ్‌ను తెచ్చింది. అందులో మొదట ఉన్నది అదే.

సల్ఫర్ డయాక్సైడ్ అంటే ఏమిటో మీకు తెలుసు. అగ్గిపుల్ల గీసినప్పుడు ముక్కులోకి గుచ్చుకొనే ఘాటు అదే. అది కారితే ఇంట్లో ఎవరూ నిలవలేరు. మంచి నిద్రలో ఉన్నవాడు కూడా దగ్గుతూ లేచి బయటికి పరుగెత్తుతాడు. విషమే, కాని అరిచి చెప్పే విషం. అంటే మా ఎదురింటాయన చెప్పిన గ్యాస్ లీక్ మాట వంద సంవత్సరాల కిందట అక్షరాలా నిజం! అయితే అన్నిసార్లూ పరుగెత్తే వ్యవధి దొరికేది కాదు. బెర్లిన్‌లో ఫ్రిజ్‌లోంచి విషవాయువు కారి ఒక కుటుంబం చనిపోయిన వార్త పత్రికలో చూసి ఐన్‌స్టీన్ కలత చెందారని చెబుతారు. ఆయన, లియో సిలార్డ్ అనే యువ శాస్త్రవేత్త కలిసి 1926 నుంచి కొన్నేళ్ళు, కదిలే భాగాలు లేని, కారని ఫ్రిజ్ కోసం పనిచేశారు. పేటెంట్లు వచ్చాయి గాని అది ఇళ్ళకు చేరలేదు. సాపేక్ష సిద్ధాంతం చెప్పినాయన వంటింటి పెట్టె గురించి అన్నేళ్ళు ఆలోచించాడంటే మా పిల్లలు నమ్మరు.

అప్పట్లోనే వాడిన మరొక వాయువు మిథైల్ క్లోరైడ్. దాని వాసన చాలా తక్కువ, కొంచెం తియ్యగా ఉంటుంది. ఘాటు లేదు గనుక వాడడానికి హాయి అనుకున్నారు. 1929లో షికాగోలో అపార్టుమెంట్ ఇళ్ళలో అది కారి మనుషులు చనిపోయారు. కారుతున్నట్టు వాళ్ళకు తెలియలేదు. అప్పుడు ఏమి ఆలోచించారో వినండి. అక్రోలిన్ అనే పదార్థాన్ని, అంటే నూనె మాడినప్పుడు కళ్ళు మండించేదాన్ని, కొంచెం ఆ వాయువులో కలిపితే జనానికి తెలుస్తుందని. మన వంటగ్యాస్ సిలిండర్‌లో చేసేదీ ఇదే. ఆ గ్యాస్‌కు సొంతంగా వాసన లేదు. మనం గ్యాస్ వాసన అనేది కావాలని కలిపిన కంపు.

ఫ్రిజ్‌ల దారి మాత్రం ఇంకోవైపు తిరిగింది. 1928లో థామస్ మిజ్లీ, ఆయన తోటివారు ఫ్లోరిన్, క్లోరిన్ కలిసిన ఒక పదార్థం తయారుచేశారు. దాన్ని ఫ్రియాన్ పేరుతో అమ్మారు. మండదు, విషం కాదు, వాసన దాదాపు లేదు. 1930లో రసాయన శాస్త్రజ్ఞుల సభలో మిజ్లీ దాన్ని గుండెనిండా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీదికి వదిలాడు. కొవ్వొత్తి ఆరిపోయింది, ఆయన చక్కగా నిలబడ్డాడు. సభ సంతోషించింది. నలభై ఏళ్ళకు పైగా ప్రపంచమంతా నిశ్చింతగా వాడింది. కారినా ఎవరి ముక్కుకూ తగలదు గనుక కారనిచ్చింది. అది మెల్లగా పైకిపోయి ఓజోన్ పొరను తింటుందని 1974లో మొలీనా, రోలండ్ అనే ఇద్దరు చెప్పారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పలచబడటం బయటపడింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మన దేశం 1992లో అందులో చేరింది. కొత్త ఫ్రిజ్‌లలో ఆ వాయువులు లేవు. ఇప్పుడు ఇంటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఐసోబ్యూటేన్, అదీ కొన్ని పదుల గ్రాములే. దానివల్ల కుళ్ళు కంపు రాదు.

మన వైపు సంగతి చెప్పాలంటే, కరెంటు ముందే వచ్చింది, పెట్టె చాలా ఆలస్యంగా వచ్చింది. 1902లోనే శివనసముద్రం నుంచి సుమారు 150 కిలోమీటర్లు తీగలు లాగి కోలారు బంగారు గనులకు విద్యుత్తు తెచ్చారు. గనికి వచ్చింది గాని, గనిలో దిగేవాడి గుడిసెకు రాలేదు. హైదరాబాదులో ఆల్విన్ సంస్థ 1942లో మొదలైంది. బీరువాలు, బస్సులతో పాటు ఫ్రిజ్‌లు కూడా చేసింది. 1958లో గోద్రెజ్ ఫ్రిజ్ వచ్చింది. అయినా 1980ల దాకా పల్లెల్లో ఫ్రిజ్ అంటే పెళ్ళిమాటల్లో వినపడే వస్తువే. మా నాన్న 1996లో కొన్నప్పుడు హాలులో పెట్టారు, వంటింట్లో కాదు. వచ్చినవాళ్ళందరికీ కనపడాలి గదా! దాని మీద ప్లాస్టిక్ పూలు, తలుపుకు కుచ్చుల తొడుగు. అమ్మ వారానికి ఒకసారి దాన్ని ఆపి, మంచు కరిగించి, కిందపడ్డ నీళ్ళను ట్రేలో పట్టి పారబోసేది. ఆ పనికి ఆదివారం పొద్దున అని నియమం.

తరువాత మంచు పట్టని ఫ్రిజ్‌లు వచ్చాయి. ఆదివారం పని తప్పింది. అందరం సంతోషించాం.

మా అత్తమ్మ ఆస్పత్రినుంచి వచ్చాక మెకానిక్‌ను పిలిపించాను. ఆయన తలుపు తెరవనే లేదు. ఫ్రిజ్‌ను గోడనుంచి ముందుకు లాగాడు. వెనకాల కింద, మోటారు మీద, ఒక నల్లటి ప్లాస్టిక్ పళ్ళెం ఉంది. "ఏమమ్మా, ఈ ట్రే ఎప్పుడైనా కడిగినారా?" అన్నాడు. అలాంటిది ఉందని మాకు తెలిస్తే గదా! మంచు పట్టని ఫ్రిజ్ అంటే మంచు పట్టదని కాదు. పట్టిన మంచును అదే కరిగించుకొని, లోపల వెనకగోడ కిందనున్న సన్నని రంధ్రం గుండా నీళ్ళను వెనక పళ్ళెంలోకి వదులుతుంది. మోటారు వేడికి ఆ నీళ్ళు ఆవిరైపోతాయి. కరెంటు పోయిన రోజుల్లో మా కిలో మటన్ కరిగి, ఆ నెత్తురునీళ్ళు రంధ్రం గుండా పళ్ళెంలో చేరాయి. నీరు ఆవిరైంది. మిగిలినది మోటారు వేడికి రోజూ ఉడుకుతోంది. మేము పైన సెంటు బిళ్ళ మార్చుకుంటూ కూర్చున్నాం.

మంచుపెట్టె పళ్ళెం ఎక్కడికీ పోలేదన్నమాట. ముందునుంచి వెనక్కి పోయింది, అంతే. కాలిగిన్నె కనపడినంతకాలం ఆడవాళ్ళు, పిల్లలు దాన్ని ఒంపారు. కనపడకుండా పోయాక, అది ఉన్నట్టు చెప్పే పని ముక్కు ఒక్కదానికే మిగిలింది. ఆ ముక్కునే నేను నిమ్మపూలతో మూశాను.

ఇక మందుల మాట. చాలామంది వంటసోడా పెడతారు. ఈ అలవాటు ప్రపంచమంతా పాకడానికి కారణం 1972లో అమెరికాలో ఆర్మ్ అండ్ హ్యామర్ అనే సోడా కంపెనీ చేసిన ప్రచారం. ఇళ్ళలో రొట్టెలు కాల్చడం తగ్గి సోడా అమ్మకాలు మందగించాయి. డబ్బా తెరిచి ఫ్రిజ్‌లో పెట్టండి అన్నారు, జనం పెట్టారు. సోడా పులుపువాసనల మీద, అంటే విరిగిన పాలు, పులిసిన పిండివంటివాటి మీద కొంత పనిచేస్తుంది. మాంసం, చేపలు కుళ్ళితే వచ్చే అమీన్లు క్షారగుణం కలవి. వాటిని సోడా ఏమీ చెయ్యలేదు, పులుపే కావాలి. యానాం శ్రోతలకు ఇది నేను చెప్పనక్కర్లేదు. చేపను చింతపండుతోనో నిమ్మరసంతోనో రుద్ది కడిగే చేతులకు ఏ రసాయనశాస్త్రమూ కొత్త కాదు. మేము కూడా ఆ పళ్ళేన్ని, రంధ్రాన్ని ముందు సబ్బునీళ్ళతో, తరువాత చింతపండు పులుసుతో, చివర మంచినీళ్ళతో కడిగాం. రంధ్రంలోకి ఈనెపుల్లకు గుడ్డ చుట్టి దూర్చితే వచ్చినది మీకు వర్ణించను, భోజనాల వేళ. తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతల్లోనూ కొంత ఉంది. ఫ్రిజ్ ఆపి, ప్లగ్గు తీసి, తలుపు తెరిచి ఒక రోజంతా గాలికి వదిలాం. ప్లాస్టిక్ కూడా వాసన పీల్చుకుంటుంది, వదలడానికి దానికి సమయం కావాలి.

ఆ తరువాతే ఒక గిన్నెలో బొగ్గులు పెట్టాం. బొగ్గు తన సన్నని రంధ్రాలలో వాసనను పట్టుకుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువునుంచి సైనికుల్ని కాపాడిన ముసుగుల్లో ఉన్నదీ ప్రత్యేకంగా కాల్చిన బొగ్గే. కొబ్బరి చిప్పలతో చేసింది శ్రేష్ఠమని తేలడంతో, 1918లో అమెరికాలో జనం పండ్ల గింజలు, కాయల చిప్పలు పోగుచేసి ప్రభుత్వానికి ఇచ్చారు. మనం కుంపట్లో వేసే బొగ్గు అంత చురుకైనది కాదు, ఎంతోకొంత పనిచేస్తుంది. కాని బొగ్గు వాసనను తీస్తుంది, కుళ్ళును తీయదు. కుళ్ళు కంపు పుట్టించే సూక్ష్మజీవులు వేరు, మనిషిని పడగొట్టేవి చాలావరకు వేరు. లిస్టీరియా అనేది ఫ్రిజ్ చలిలోనే పెరుగుతుంది, ఏ వాసనా లేకుండా. కాబట్టి గిన్నె మీద తేదీ ఉండాలి.

ఆ తేదీ పని మా అత్తమ్మ తీసుకుంది. పాత క్యాలెండర్ కాగితాలు చింపి, ఏ రోజు వండింది ఆ రోజు కాగితాన్ని గిన్నె మూత కింద పెడుతుంది. మూడు రోజులు దాటిన కాగితం కనపడితే నన్ను అడగడం లేదు, గిన్నె నేరుగా తొట్టి దగ్గరికి పోతోంది. వెనక పళ్ళెం నెలకొకసారి మా అబ్బాయి తీసి కడుగుతున్నాడు. వాడికది ఇష్టం లేదు. ఆదివారం పొద్దున అని నియమం పెట్టాం.